చింతపండుతో తోమిన దుర్భిణి

జనవరి 5, సోమవారం

చిన్న బాబా, అంటే మా యజమాని కొడుకు, వాళ్ళ ఆఫీసులో పంచిన డైరీ ఇది. నాకిచ్చేశాడు. అరబ్బీ వాళ్ళ డైరీ కాబట్టి కుడి నుంచి తెరవాలి. నేను మన పద్ధతిలో ఎడమ నుంచి తెరిస్తే డిసెంబరు నెలాఖరు వచ్చింది. ఆ తేదీ కొట్టేసి జనవరి అని రాసుకున్నాను. తెలుగు చదివేవాళ్ళు ఈ ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు, అందుకే దీన్ని బియ్యం డబ్బాలో దాస్తాను.

మా యజమాని బాబాకు కొత్త పిచ్చి పట్టింది. ఈసారి చలికాలం గుడారాలకు వెళ్ళినప్పుడు అన్నదమ్ముల మధ్య జరిగే డేగల వేట అచ్చంగా తాతల కాలం పద్ధతిలోనే జరగాలట. ఫోన్లు వద్దు, పెద్ద బండ్లు వద్దు, డేగ వీపుకు కట్టే సిగ్నల్ పెట్టె కూడా వద్దు. ఒంటెలెక్కి పోవాలి, పాతకాలం గుడ్డలు కట్టాలి, వేటాడే హుబారా పిట్ట ఎక్కడుందో ఇత్తడి దుర్భిణితో వెతకాలి. పోయినేడు వాళ్ళ పెద్దన్న చేతిలో ఓడిపోయాడు కదా, ఆ మంట ఇంకా ఆరలేదు.

దుర్భిణి ఈరోజు పార్సిల్లో వచ్చింది. వస్తే ఏముంది, మన ఇండియాలో చేసిందే. కొత్తదాన్ని చేసి, పాతదానిలా కనిపించాలని మసి రంగు పట్టించి పంపారు. లాగితే ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం వస్తుంది. బాబా కళ్ళకు శుక్లాలు. చిన్న బాబాకేమో ఒక కన్ను మూస్తే రెండోది కూడా మూతపడుతుంది, ఎంత ప్రయత్నించినా రాలేదు. చివరికి చూసే పని ఖాసీం భాయ్‌కి అప్పగించారు.

ఖాసీం భాయ్ మా ఇంటి డ్రైవరు. ఆయనది గాలివీడు, నాది రాయచోటి, పక్కపక్క ఊళ్ళే. నేను ఇక్కడ వంట చేస్తాను. ఆయన గురించి రాయాల్సింది ఇంతకంటే ఏమీ లేదు.

జనవరి 6

పెరుగు తోడు వేయడం మర్చిపోయాను. మూడేళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు.

జనవరి 9, శుక్రవారం

బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్ళాను. శుక్రవారం కాబట్టి మా పేట అల్ తుమామా అంతా నిద్రపోతోంది. ఖాసీం భాయ్ ఒక్కడే గోడ దగ్గర నిలబడి దుర్భిణితో అభ్యాసం చేస్తున్నాడు. టోపీ ఆకారంలో ఉండే మా స్టేడియం వైపు తిప్పాడు, అక్కణ్ణుంచి నీళ్ళ ట్యాంకు మీది పిల్లి వైపు తిప్పాడు. హుబారా పిట్ట దొరికింది అని గట్టిగా అన్నాడు. చూస్తే గాలికి ఎగిరే పాలిథీన్ సంచి. ఇదీ మా వేటగాడి సంగతి.

నేను నవ్వాను. నవ్వినందుకు శిక్షగా నన్ను చూడమన్నాడు. నేను వెర్రిదాన్నిలా వెడల్పు వైపు కంటికి ఆనించాను. ఖాసీం భాయ్ ఎక్కడో ఊరవతల నిలబడ్డట్టు, బొటనవేలంత కనిపించాడు. పాపం అనిపించి గొట్టం తిప్పి పట్టుకున్నాను. ఈసారి లోకమంతా వణుకుతోంది. దేన్నైనా ఆనుకొని పట్టకపోతే బొమ్మ నిలవదట. ఒంటె జీను మీద ఆనించి చూడాలని బాబా చెప్పాడట. మిద్దె మీద ఒంటె ఎక్కడినుంచి వస్తుంది.

“ఇదో, నా భుజం మీద ఆనిచ్చు,” అన్నాడు.

ఇదో అంటాడు నన్ను. ఈ దేశంలో మగవాడన్న ప్రతివాడూ ఆడదాన్ని సిస్టర్ అంటాడు, కూరగాయల కొట్టువాడు కూడా. ఈయన మొదటి రోజు నుంచీ సిస్టర్ అనలేదు, ఆపా అని అక్కనూ చేయలేదు. ఇదో అనే అంటాడు.

ఆనించాను. అప్పుడు అన్నీ నిలబడ్డాయి. స్టేడియం దగ్గర చెట్టుకు నీళ్ళు పెడుతున్న మనిషి, ఆ పైపులో చిల్లి, ఆ చిల్లి దగ్గర నీళ్ళు తాగుతున్న పిచ్చుక కూడా కనిపించాయి. కనిపిస్తోందా భాయ్ అని అడగాల్సిన చోట ఉత్తగా కనిపిస్తోందా అన్నాను. అసలు చూస్తున్నది నేను, ఆయన్ని అడగడమేమిటి.

కిందికొస్తే సుభాషిణి గుమ్మంలోనే కాచుకొని ఉంది. రాజోలు పిల్ల, ఇల్లు ఊడ్చి తుడిచే పని తనది. మా ఇద్దరిదీ ఒకటే గది. “ఏంటక్కా, నాలుగు తువ్వాళ్ళు ఆరెయ్యడానికెళ్ళి ఇంతసేపా? మబ్బులక్కూడా క్లిప్పులు పెట్టొచ్చావేంటి?” అంది.

జనవరి 10

భుజం సంగతి గొట్టం కోసమే. గొట్టం వణుకుతుంది కాబట్టి. వేరే ఏమీ లేదు.

జనవరి 13, మంగళవారం

ఈ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. జమీలా మొగుడు రాయచోటిలో లారీ నడుపుతాడు.

అది అబద్ధం. మొగుడు నాకు తలాక్ చెప్పి, మదనపల్లెలో ఇంకో ఇల్లు పెట్టుకొని ఆరేళ్ళు దాటింది. నేను విమానం ఎక్కేముందు మా పిన్ని సుర్రయ్యా ఖాలా గట్టిగా చెప్పింది. అక్కడ ఎవరడిగినా మొగుడున్నాడని చెప్పు, ఎవడూ నీ జోలికి రాడు అని. సరే అని చెప్పాను. ఒకసారి చెప్పాక మొగుణ్ణి పోషించక తప్పుతుందా. ఎవరైనా అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పాలి. ఒక ఏడు వాడికి జ్వరం తెప్పించాను. పోయిన బక్రీద్‌కు రెండో లారీ కొనిపించాను. అది విని ఖాసీం భాయ్ మాషా అల్లా అన్నాడు. నిజం మొగుడు నాకొక గాజు కూడా కొనలేదు, ఈ అబద్ధం మొగుడు మాత్రం దినదినాభివృద్ధి.

ఈ సంగతి ఈ డైరీకి, బియ్యం డబ్బాకు తప్ప ఈ దేశంలో ఎవరికీ తెలియదు. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో నాకు తెలియదు. ఉత్తగానే.

జనవరి 16, శుక్రవారం

మిద్దె మీద ఖాసీం భాయ్ ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. వాళ్ళమ్మ చూసిన సంబంధం, పుంగనూరు అమ్మాయి. భార్య పోయి ఎనిమిదేళ్ళయింది, ఇంకెన్నాళ్ళు ఒంటరిగా ఉంటావని వాళ్ళమ్మ ఏడుస్తోందట. వేట అయిపోగానే సెలవు మీద వెళ్తాడు. రంజానుకు ముందే నిఖా చేసేసి పంపాలని ఆమె పట్టుదల. నువ్వేమంటావు అని నన్ను అడిగాడు.

నన్నెందుకు అడగాలి. నేనెవరిని. బాగుంది, ముక్కు చక్కగా ఉంది అన్నాను. ఇంకోసారి కూడా చెప్పాను, ముక్కు చక్కగా ఉంది అని. ఆయన ఫోను జేబులో పెట్టుకొని దుర్భిణి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

జనవరి 17

ఆ ముక్కు అంత చక్కగా ఏమీ లేదు.

జనవరి 21, బుధవారం

ఈరోజు చెప్పేద్దామని నిశ్చయించుకొని మిద్దె ఎక్కాను. నాకు మొగుడు లేడు, అంతే కదా, మూడు మాటలు. పొయ్యి దగ్గర ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా ఆయన ఎదురుగా నిలబడి, ఉల్లిగడ్డలు అయిపోయాయి, లులూ బజారుకు వెళ్తే తెమ్మని చెప్పాను. ఆయన వెంటనే వెళ్ళి బస్తా తెచ్చాడు. ఉల్లిగడ్డలు అయిపోలేదు. ఇప్పుడు వంటింట్లో రెండు బస్తాలున్నాయి. సుభాషిణి ఆ రెంటినీ చూసి, నన్ను చూసి, కూని రాగం తీసుకుంటూ పోయింది. ఆ రాగానికే నాకు ఎక్కువ మండింది.

ఆయన సెలవుకు వెళ్తే పెళ్ళి చేసుకొనే వస్తాడు. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఊరికే మర్చిపోకుండా.

జనవరి 28, బుధవారం

రేపు గుడారాలకు ప్రయాణం. గిన్నెలు, మసాలాలు, బియ్యం అన్నీ సర్దాను. పెద్ద మామా కూడా వస్తోంది. బాబా వాళ్ళమ్మ, తొంభై దగ్గర పడుతున్నా చక్రాల కుర్చీలోంచే అందరినీ ఆడిస్తుంది. సామానుతో పాటు దుర్భిణి పెట్టె కూడా వంటింటి బల్ల మీదికి చేరింది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెట్టె తెరిచాను. ఉత్తగా చూద్దామనే. ఎంత నల్లగా ఉందో. మడతల్లో పచ్చగా చిలుము, పట్టుకునే చోట జిడ్డు మరక. ఎల్లుండి ఖాసీం దీన్ని పట్టుకొని బాబా అన్నదమ్ములందరి ముందూ నిలబడాలి. వాళ్ళ మనుషులంతా అక్కడే ఉంటారు. మసిపట్టిన సామాను బయటికి పంపితే మా అమ్మ చేతిలో నాకు దెబ్బలు పడేవి. పండగకు పక్కింటివాళ్ళు బిందె అడిగినా తోమి ఇవ్వాల్సిందే.

అద్దాలున్న రెండు కొసలకూ పాలిథీన్ కట్టి రబ్బరు బ్యాండు వేశాను. చింతపండు గుజ్జు పిసికి, ఉప్పు కలిపి, మొదలుపెట్టాను. మొదట కొంచెమే అనుకున్నాను. కొంచెం తెల్లబడితే మిగతాది ఇంకా మురికిగా కనిపిస్తుంది కదా, అలా అంతా అయిపోయింది. తుడిచి కిటికీ దగ్గర పెడితే కళ్ళు చెదిరాయి. నా మొహం కూడా కనిపించింది అందులో, సాగిపోయి, పళ్ళన్నీ బయటపెట్టి. నేను నవ్వుతున్నానని అప్పుడే తెలిసింది.

పెట్టెలో పెట్టి మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. అక్కడ తెరిచి చూసి ఎవరు తోమారా అనుకుంటాడు. అనుకోనీ.

జనవరి 30, శుక్రవారం

కొంప మునిగింది. మొదటినుంచి రాస్తాను.

దుఖాన్ దారిలో, రోడ్డు దాటి చాలా లోపల గుడారాలు. ఆడవాళ్ళ గుడారం వేరు, పక్కనే వంట గుడారం. పొద్దున్నే పెంపకం హుబారాను ఎడారిలోకి వదిలారు. మా వాళ్ళు ఒక దిక్కు, పెద్దన్న వాళ్ళు ఇంకో దిక్కు ఒంటెల మీద వెళ్ళారు. ముందుగా పిట్టను కనిపెట్టి డేగను వదిలిన వాళ్ళది గెలుపు. ఖాసీం దిబ్బ మీద బోర్లా పడుకొని చూడాలి, చెయ్యి ఎత్తగానే బాబా డేగ కళ్ళకున్న టోపీ తీయాలి.

నేను వాళ్ళ బిర్యానీ లాంటి మజ్బూస్‌కు మాంసం వేయించి, గుడారం పరదా తొలగించి చూశాను. దిబ్బ మీద ఒక వెలుగు తళుక్కుమంది. మళ్ళీ తళుక్కుమంది. అంత దూరానికి కూడా ఎంత మెరుస్తోందో చూడు, నా చేతి పనితనం అని మురిసిపోయాను. నిజంగా మురిసిపోయాను. అల్లా నన్ను క్షమించాలి.

ఆ తళుకు పిట్టకు కూడా కనిపించింది. ఖాసీం చెయ్యి ఎత్తేలోపే అది లేచి పెద్దన్న వాళ్ళ దిక్కు ఎగిరింది. వాళ్ళ డేగ సిద్ధంగానే ఉంది.

మగవాళ్ళు తిరిగొచ్చారు. చిన్న బాబా గొంతు మా గుడారం దాకా వినిపించింది. పెద్దన్న దుర్భిణి చేతిలోకి తీసుకొని, ఇది నిన్న కొన్నట్టుంది, తాతల కాలం సామాను కాదు, గెలిచినా ఒప్పుకునేవాణ్ణి కాదు అన్నాడు. ఎవరు చేశారీ పని అని చిన్న బాబా అరిచాడు. నేనే తోమాను అన్నాడు ఖాసీం.

ఆయన తోమాడట. చింతపండు ఏ డబ్బాలో ఉంటుందో కూడా ఆయనకు తెలియదు.

ఖలాస్, రేపే టికెట్టు తీసి ఇంటికి పంపేస్తాను, మళ్ళీ ఈ దేశం మొహం చూడవు అన్నాడు చిన్న బాబా. ఖాసీం తల వంచుకొని నిలబడ్డాడు. పుంగనూరు పెళ్ళికి సెలవు కూడా అడగనక్కర్లేదు ఇక. తర్వాత చూసుకుంటే నేను మగవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాను, చేతిలో అన్నం గరిటెతో సహా.

“అనా సవ్వి నదీఫ్. ఖాసీం మాఫీ,” అన్నాను. శుభ్రం చేసింది నేను, ఖాసీం కాదు అని. నాకొచ్చిన అరబ్బీ అంతే.

ఎందుకు అని బాబా నెమ్మదిగానే అడిగాడు. నేను గరిటె మీద అతుక్కున్న మెతుకులు వేలితో ఒలుస్తూ నిలబడ్డాను.

అప్పుడు పెద్ద మామా పరదా వెనకనుంచి నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ బయటికి తోయించుకుంది. దుర్భిణి ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు మాట్లాడింది. ఆ మాటలు సగమే అర్థమయ్యాయి, మిగతాది ఖాసీం తర్వాత చెప్పాడు. వాళ్ళ నాన్న ముత్యాల పడవకు నాయకుడట. ఆయన దుర్భిణి కాఫీ కూజా కంటే ఎక్కువ మెరిసేదట, వాళ్ళమ్మ రోజూ బూడిదతో తోమేదట. “చేతిలో తిరిగే వస్తువు నల్లగా ఎందుకుంటుంది? మ్యూజియంలో పడి ఉన్నదే నల్లబడుతుంది. మీరు ఆడుతున్నది తాతల కాలం కాదు, మ్యూజియం కాలం,” అంది కొడుకులతో. డెబ్బై ఏళ్ళ పెద్దన్న చిన్నపిల్లవాడిలా నేల చూశాడు.

పిట్ట మాత్రం తిరిగి రాలేదు. పందెం పోయినట్టే. కానీ బాబా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు, తర్వాత మజ్బూస్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. టికెట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

జనవరి 31, శనివారం

పొద్దున వంట గుడారం వెనక అన్నం వండిన దేగిసాలు తోముతుంటే ఖాసీం వచ్చి ఎదురుగా ఇసకలో కూర్చున్నాడు.

“ఎందుకు తోమినావు?” అని అడిగాడు.

“మసిబట్టిన సామాను నీ చేతికిచ్చి నలుగుర్లోకి పంపబుద్ధి గాలేదు,” అన్నాను. అన్నాక ఏమన్నానో తెలిసింది. ఎలాగూ సగం నోట్లోంచి జారింది, మిగతాది దాచి ఏం లాభం. “రాయచోటిలో నాకు మొగుడూ లేడు, లారీ లేదు. ఆరేండ్లయింది వాడు తలాక్ జెప్పి,” అన్నాను.

“తెలుసు,” అన్నాడు.

నా చేతిలోని పీచు జారిపోయింది. ఎట్లా తెలుసని అడిగాను. నువ్వు ఊరికి పంపే కార్టన్లు కార్గో ఆఫీసుకు మోసేది నేనే కదా అన్నాడు. మూతకు టేపు వేసేది కూడా ఆయనే. “మీ అమ్మకు చీరలు, మీ తమ్ముని పిల్లోళ్ళకు బొమ్మలు, పాలపొడి, బాదంపప్పు. మూడేండ్లలో మొగోని వస్తువు ఒగటి జూడ్లేదు. ఒగ లుంగీ లేదు, ఒగ అత్తరు సీసా లేదు. రెండు లార్లు ఉండే మొగునికి బ్లేడు పాకెట్టయినా పంపరా ఎవురైనా?”

నాకు సిగ్గు, కోపం రెండూ వచ్చాయి. మరి రెండో లారీ కొన్నాడంటే మాషా అల్లా అన్నావు కదా అని నిలదీశాను. నువ్వు అంత సంతోషంగా చెబుతుంటే కాదని ఎట్లా అంటానన్నాడు. మరి ఆ పుంగనూరు ఫోటో ఎందుకు చూపించావన్నాను. నువ్వు వద్దంటావేమోనని చూపించాను, నువ్వేమో రెండుసార్లు ముక్కు బాగుందన్నావు, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు అన్నాడు. పుంగనూరు వాళ్ళకు వద్దని ఆ మరుసటి రోజే చెప్పించేశాడట. ఇన్ని రోజులు నేను ఆ పిల్ల ముక్కుతో పోట్లాడుతూ గడిపాను.

ఒక ఒంటె వచ్చి మమ్మల్ని చూసి పోయింది.

“రంజాన్ కార్టను ఈసారి ఇద్దరిదీ కలిపి ఒగటే కడదాం,” అన్నాడు. “గాలివీడు అడ్రసుకే పంపుదాం. మీ అమ్మ మా ఇంటికొచ్చి తీసకపోతాది.”

తోమిన దేగిసానే మళ్ళీ మళ్ళీ తోముతూ కూర్చున్నాను. ఆయన లేచి నీళ్ళు పోశాడు.

ఫిబ్రవరి 1

పెరుగు తోడుకుంది. గట్టిగా, కత్తితో కోయొచ్చు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

కార్టను కట్టాం. వాళ్ళమ్మకు నమాజు చాప, మా అమ్మకు రెండు చీరలు, ఖర్జూరాలు, బాదంపప్పు, పిల్లలకు చాక్లెట్లు. మూత పడకపోతే సుభాషిణి ఎక్కి కూర్చుంది. దీని అర్థమేంటో నాకెవరైనా చెప్తారా, లేకపోతే నేనిక్కడే కూర్చుంటాను అని బెదిరించింది. ఖాసీం ముచ్చటగా టేపు చుట్టాడు. అడ్రసు నేను రాశాను. అంత పెద్ద అక్షరాలు నేను బడిలో కూడా రాయలేదు. షేక్ ఖాసీం ఇల్లు, గాలివీడు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. కార్టను పంపాను అన్నాను. ఎప్పుడొస్తుంది, తమ్ముణ్ణి ఇంటి దగ్గర ఉండమంటాను అంది. మన ఇంటికి రాదమ్మా, గాలివీడులో ఒకరింటికి వస్తుంది, నువ్వే వెళ్ళి తెచ్చుకోవాలి అన్నాను. ఎవరిల్లు అంది. వాళ్ళ అబ్బాయి ఇక్కడ మా ఇంట్లోనే డ్రైవరు, ఆయన తల్లి ఉంటుంది, నువ్వు వస్తావని ఆమెకు తెలుసు అన్నాను.

అమ్మ వెనక మా ఇంటి కోళ్ళు అరుస్తున్నాయి.

“జమీలా,” అంది అమ్మ. “ఏ చీర కట్టుకోని పోవాల్నే నేను?”